చెత్తబుట్టలోంచి తీసిన స్ట్రిప్

తాబేలు తమ్ముడికి,

అక్క రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. మీ బావకి మోకాలి నొప్పి తగ్గింది, నాకు రక్తపోటు పెరిగింది, అది నీ వల్లే. మీరు ముగ్గురూ కులాసా అని రాశావు. అది పచ్చి అబద్ధం. నీ ఉత్తరం అందిన రోజే మీ ఆవిడ ఫోన్ చేసి అరగంట ఏడ్చింది.

"ఆయనకి పాప నచ్చలేదేమో వదినా. రెండు నెలలైంది, ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. తువ్వాలు వేరు, గ్లాసు వేరు, పడక హాల్లో. చేతులు రోజుకి ఇరవై సార్లు కడుగుతారు. నేనేం తప్పు చేశాను?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉంటే చెంప ఛెళ్లుమనిపించేదాన్ని.

రక్తపరీక్షలు చేసే అక్క ఉంది కదా అని ప్రశ్నలు గుప్పించావు. చెబుతాను, చెవులు రిక్కించి విను. ముద్దు పెట్టుకుంటే హెచ్.ఐ.వి. వస్తుందా? రాదు. కండోమ్ చిరగలేదని నువ్వే రాశావు. చిరగకపోతే భయం దాదాపు లేనట్టే. ఇక కడుపుతో ఉన్న పెళ్లాన్ని ఇంట్లో ఉంచి, ఆఫీసు పని వంకతో వేరే ఊళ్లో నువ్వు వెలగబెట్టిన ఘనకార్యం సంగతంటావా, దానికి మా ల్యాబ్‌లో పరీక్ష లేదు, మందు కూడా లేదు.

అది జరిగి ఎనిమిది నెలలైంది. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే కొత్త రకం పరీక్షకి, తప్పు జరిగాక నలభై ఐదు రోజులు ఆగితే చాలు. వేలు గుచ్చి చూసే దానికైతే మూడు నెలలు. నువ్వు ఆ గడువులు దాటాకే రెండూ చేయించుకున్నావు, రెండూ లేదనే చెప్పాయి. అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత చేయించుకున్న తొమ్మిదీ దండగ. పైగా ప్రతిసారీ ల్యాబ్ మార్చావట! ఊళ్లో టెక్నీషియన్లందరూ కుమ్మక్కయి నీకు అబద్ధం చెబుతున్నారనా? ఎవరూ అంత తీరిగ్గా లేరురా.

ఇంకో మాట. నిజంగా ఆ జబ్బు ఉన్నా, ఎత్తుకుంటే అంటదు, ఒకే గ్లాసుతో తాగితే అంటదు. అది ఉండి మందులు వాడుకుంటున్న వాళ్లు మా ల్యాబ్‌కి పిల్లల్ని చంకనేసుకుని వస్తారు. వాళ్లు నీకంటే వెయ్యి రెట్లు నయం.

ఇంట్లోనే కిట్‌తో చూసుకుంటే ఏమీ లేదనీ, మర్నాడు పొద్దున అదే స్ట్రిప్ మళ్లీ చూస్తే జబ్బుందని చెప్పే రెండో గీత సన్నగా కనిపించిందనీ రాశావు. ఎవడు చూడమన్నాడు? పెట్టె మీద రాసిన టైములోపే చూడాలి. ఎండిపోయిన స్ట్రిప్ మీద అలాంటి నీడ గీతలు పడుతూనే ఉంటాయి. మాకు మొదటి రోజే నేర్పుతారు, టైము దాటితే పారేయ్, మళ్లీ తీసి చూడకు అని.

ఇక నీ ఆఖరి ప్రశ్న. పరీక్షలు మానమని పోయినసారి రాసినందుకు కోపమొచ్చి, "అమ్మ చావుబతుకుల్లో ఉంటే గుమ్మం దాటి లోపలికి రానిదానివి, నువ్వా నాకు చెప్పేది?" అని గీకావు. ఆరేళ్లుగా ఈ మాట నీ నోట వింటున్నాను, మింగుతున్నాను. మీ బావకి కూడా చెప్పని సంగతి ఇవాళ నీకు రాస్తున్నాను.

అమ్మ మంచాన పడ్డ వారానికే ల్యాబ్‌లో ఒక పేషెంటుకి వాడిన సూది నాకు గుచ్చుకుంది. ఆ పేషెంటు రక్తం అప్పుడే చూశాం, ఏమీ లేదు. నాదీ స్ట్రిప్ మీద చూసుకున్నాను, ఏమీ లేదు. "హాయిగా ఇంటికెళ్లమ్మా" అన్నారు మా డాక్టరు. నేను హాయిగా వెళ్లలేదు. మర్నాడు పొద్దున అందరికంటే ముందు వచ్చి, గ్లవ్స్ తొడుక్కుని, చెత్తబుట్టలో వెతికి నా స్ట్రిప్ బయటికి తీశాను. సన్నటి గీత ఉంది. అది ఉత్త నీడ అని నాకు తెలుసు. అయినా నమ్మలేకపోయాను.

నలభై ఐదు రోజులు గడిచేదాకా అమ్మని ముట్టుకోకూడదనుకున్నాను. అలా అంటదని రోజుకి పదిమందికి చెప్పే నోరే ఇది. ఒకరోజు అమ్మ, "తల చిక్కులు పడిందే, కాస్త దువ్వు" అంది. "జలుబు చేసిందమ్మా" అని గుమ్మంలోనే నిలబడ్డాను. పక్కింటావిడ వచ్చి దువ్వింది. దువ్వుతున్నంతసేపూ అమ్మ నన్నే చూసింది. సూది గుచ్చుకున్న ముప్పై ఎనిమిదో రోజున అమ్మ పోయింది. నలభై ఐదో రోజున నా రిపోర్టు వచ్చింది. ఏమీ లేదు. ఆ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లను?

అందుకేరా నీ మీద ఇంత కోపం. నేను చేసిందే నువ్వూ చేస్తున్నావు. మీ ఆవిడకి నిజం నువ్వే చెప్పాలి, ఆ పని నా మీద పెట్టకు. తిడితే పడు, తలుపేసుకుంటే బయట కూర్చో. కానీ దానికంటే ముందు చేతులు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కడుక్కుని, ఆ గదిలోకి వెళ్లి నీ కూతుర్ని ఎత్తుకో. ఎత్తుకున్నావని మరదలు నాకు చెప్పేదాకా ఉత్తరం రాయకు, చదవను.

ఇట్లు,
గుమ్మం దాటని మీ అక్క