చెత్తబుట్టలో దొరికిన మీ దారం

గురువుగారికి నమస్కారములు.

మీరు మమ్మల్ని వదిలి పైలోకానికి వెళ్ళిపోయి నేటికి ఏడాది. ఈ రోజే తెనాలిలో మన షెడ్డులో మీ పెద్దబ్బాయితో గొడవపడ్డాను. రేపల్లె డాక్టరుగారు తమ తల్లి ఎక్కడానికి వీలుగా కారు ఎత్తు తగ్గించమన్నారు. మీవాడు ఎత్తు తగ్గించాడు కానీ, స్టీరింగు కడ్డీలు సరిచేయకుండానే అప్పగించబోయాడు. కారు ఎత్తు తగ్గితే ఆ కడ్డీల వాలు మారి ముందు చక్రాలు పక్కకు తిరుగుతాయని, దారం పట్టి వాటిని సరిచూడాలని మీరు నేర్పారు. ఎందుకు తిరుగుతాయో రాత్రి బడిలో రేఖాగణితం చదివి తెలుసుకున్నాను.

"దారం పట్టి చూడు నాయనా" అన్నాను.

"ఏంటి బాబాయ్, ఇంకా ఆ దారం గోలేనా? కంటికి తిన్నగానే ఉన్నాయిగా. రాత్రి బడి పాఠాలు మాకెందుకులే."

తాళంచెవి జేబులో వేసుకుని, "ఈ బండి ఇప్పుడే వెళ్ళదండి" అని డాక్టరుగారితో చెప్పేశాను. మీ దారం చెత్తబుట్టలో దొరికింది. దాన్ని దులిపి, వెనుక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగించి పట్టాను. చక్రం తిన్నగా ఉంటే దారానికి ఆనుకోవాలి; దాని ముందంచు దగ్గర సందులో నా వేలు దూరింది.

"ఆ పెద్దావిడను ఇలాగే కాలవగట్టు మీద పంపిస్తావా?"

మీవాడు పానా తీసుకుని కారు కిందికి దూరాడు. నా కోపం మాత్రం తగ్గలేదు. దారాన్ని గోడకు మీరు తగిలించే మేకుకే తగిలించాను. ఆ మేకు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో నేనూ గమనించలేదు. మీరుంటే ముందు నన్నే తిట్టేవారు.

మీ శిష్యుడు