లారీలో పాడే పాట

మామా, సంకటి గిన్నెలో ఉంది, పప్పు వేడి చేసుకొని తిను. మేకలకు నీళ్లు పెట్టి పడుకో. నేను పలకల ఫ్యాక్టరీకి పోతున్నా, ప్యాకింగ్ పని పొద్దుగూకేదాకా ఉంది.

నీ లారీలో కెమెరా పెట్టినారని నాకెందుకు చెప్పలేదు? ఓనరు కోడలు ప్రసన్న ఆఫీసులో కూర్చొని పొద్దస్తమానం నిన్ను ఫోన్లో చూస్తా ఉందంట. నిన్న నన్ను పిలిచి, "మణెమ్మా, గిద్దలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు మీ ఆయన భలే పాడతాడు. ఉక్కపోస్తే చొక్కా కూడా విప్పేస్తాడు" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలు బడికి పోయేంత పెద్దోళ్లయినారు, ఇంతవరకు నీ నోట ఒక్క పాట నేను వినలేదు. ఆమె రోజూ వింటా ఉంది.

కెమెరాకు గుడ్డ కప్పబాక, పనిలోనుంచి తీసేస్తారు. గుండీలన్నీ పెట్టుకొని లారీ తోలు, చెమట పడితే పట్టనీ.

మణెమ్మ

ఏం పాటని ఆమెను అడగలేదు, అడిగితే నాకు చిన్నతనం. మాపటికి నేనొచ్చినాక నువ్వే పాడు. చొక్కా నీ ఇష్టం, ఇంట్లో చూసేదాన్ని నేనొక్కదాన్నే.