టైరు చప్పుడు, నాగమ్మ కేక

నా డైరీ, కంబదూరు, 2001 మే, మంగళవారం

నీ చెవులకు హంతకులు పాఠం చెప్పారు, నువ్వు బుద్ధిగా నేర్చుకున్నావు. తప్పంతా ఊరి మీదకు నెట్టి తప్పించుకోకు.

ఈ ఉదయం టీ అంగట్లో, వానల్లేక పనుల్లేని పదిమందిమి ఎప్పటిలాగే గోడకు వీపు ఆనించి రోడ్డుకేసి కూర్చున్నాం. లారీ టైరు పేలింది. బాంబనుకుని అందరం బల్లల కింద దూరాం. టైరేనని తెలిశాక పగలబడి నవ్వాం.

ఆ నవ్వుల్లోనే గోడ వెనకింటి నుంచి నాగమ్మ కేక వినబడింది.

"అన్నా, సంపుతాండాడు, రాండన్నా!"

ఒక్క తల తిరగలేదు.

"ఏమప్పా, ఇనపడల్యా?" అన్నాను అంగడి ఓబన్నతో.

"మొగుడూ పెండ్లాల గొడవ, దినామూ ఉండేదే గదన్నా. టీ సల్లారిపోతాండాది, తాగు."

తాగాను.

గ్లాసు ఖాళీ అయ్యాక ఆ ఇంటికి వెళ్లేసరికి ఆమె కుడిచెయ్యి రోకలి దెబ్బలకు నుజ్జయిపోయింది. మొగుడు పారిపోయాడు.

"టైరుకు అంతగా ఉలికిపడ్తిరే, నేను మనిషిని గాదా అన్నా?" అంది.

పాతికేళ్ల ముఠా తగాదాల్లో పెద్ద చప్పుడంటే చావని నేర్చుకున్నాం. ఆడమనిషి కేకంటే సంసారమని నేర్చుకున్నాం. రెండోది నాకెవరు నేర్పారు? నేనేగా...

రేపటికి నా డిమాండ్లు:

అంగట్లో బల్ల గోడవైపు తిప్పాలి.
కేక వినబడితే గ్లాసు కింద పెట్టాలి.
పదిమందీ స్టేషనుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి.
మొదటి సాక్ష్యం నువ్వే చెప్పాలి. టీ తాగిన సంగతితో సహా.