మొగల్ గుట్టలు చదును చేశారు

తమ్ముడూ మస్తాన్,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. ఈ ఎడారి దేశపు మాల్‌లోని మంచు కొండ మీద నువ్వు పారతో కట్టిన గుట్టలను నిన్న మిషన్‌తో చదును చేసేశారు. నేను వచ్చినవాళ్లకు చలికోట్లు ఇచ్చే కిటికీ దగ్గర నిలబడి అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను.

వాటిని మొగల్ అంటారని నువ్వు మొదట చెప్పినప్పుడు, మొగల్ బాదుషాల సమాధులేమోనని ఫాతిహా చదవబోయాను. "సమాధులు కాదక్కా, మన పసుపు చేలో బోదెల్లాంటివే. కాళ్లకు జారుడు పలకలు కట్టుకుని వాటి మీద ఎగురుతూ దిగడమే మజా" అని నవ్వావు. ఎవరి మోకాలు విరుగుతుందో, ఏ కేసు నీ మెడకు చుట్టుకుంటుందోనని నాకు రోజూ గుబులే.

ఇప్పుడు విరగ్గొట్టుకోవడానికి కూడా ఎవరూ రావడం లేదట. మన హైదరాబాదు ముదీర్‌ని, అదే మేనేజర్‌ని, అడిగితే, "ఖలాస్, ఖాలా. అందరికీ సాఫ్‌గా జారాలె, ఫొటో దిగాలె. మోకాళ్లు నొప్పిచ్చే ఆట ఎవనికి గావాలె?" అన్నాడు. నీ గుర్తుగా ఒక్క గుట్టనైనా ఉంచమన్నాను. "మంచుకు గుర్తులు ఏంది ఖాలా" అని వెళ్లిపోయాడు.

ఈ రోజు పొద్దున ఒక ముసలి తెల్లాయన వచ్చి, "మొగల్స్?" అంటూ గాలిలో చేత్తో గుట్టలు గీశాడు. "ఖలాస్" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. బొటనవేలు ఎత్తి, ఇంగ్లీషులో వాటిని ఏదో పొగిడాడు. కట్టింది నా తమ్ముడేనని హిందీలో చెప్పాను, తెలుగులోనూ చెప్పాను. కోటు కొలత అడుగుతున్నాననుకుని, ఆయన రెండు చేతులూ చాచి నిలబడ్డాడు.

నీ అక్క,
హుసేన్‌బీ