నువ్వు పోతే వచ్చిన ఓటు

రూతు నాయనా,

నువ్వు సముద్రం అవతల బస్రా యుద్ధంలో పోయి ఇరవై ఏళ్ళయింది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే చర్చి పంతులమ్మ చేత రాయిస్తున్నాను. ఈ కోపం చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

నువ్వు పటాలానికి పోయేరోజు నీ భుజం మీద చెయ్యేసి, "పిల్లల సదువు మేం సూసుకుంటాం లేప్పా" అన్న తాలూకా బోర్డు మెంబరు నిన్న మన ఇంటికొచ్చాడు. అసెంబ్లీకి నిలబడ్డాడట.

"యుద్ధంలో పోయిన సిపాయి పెండ్లానికి సర్కారు కొత్తగా ఓటిచ్చిందమ్మా. అది నాకే వేయాల," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. యుద్ధంలో పోయిన సిపాయిల పిల్లలకు బడి ఫీజు తీసేయాలని బోర్డులో తీర్మానం పెట్టిన రోజు, మన ఆరేళ్ళ రూతును పట్టుకుని కోయిలకుంట్ల బోర్డు ఆఫీసు వాకిట్లో నిలబడ్డాను. తీర్మానం ఓడిపోయింది. రూతు బడి ముఖం చూడలేదు.

"ఆ పొద్దు వద్దని చెయ్యెత్తినావు గదప్పా. నేను సూసినా," అన్నాను.

"అప్పుడు అందరూ ఎత్తినారమ్మా."

"అందరూ ఎత్తలేదు. ఎత్తినోళ్ళలో నీ చెయ్యే ముందు లేసింది."

అతను కండువా సర్దుకుని రూతు వైపు తిరిగాడు. "నీకూ ఓటుండాదా పాపా?"

చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళకు కూడా ఈసారి ఓటుందట. రూతు లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు చచ్చిపోతే నాకు ఓటొచ్చింది. ఆ మనిషి చెయ్యెత్తితే నీ బిడ్డకు ఓటు లేకుండా పోయింది. మళ్ళీ నా దగ్గరికే వచ్చి అడుగుతాడు.

రేపు ఓట్లేసే చోట నేనొక్కదాన్నే లోపలికి పోయి వాడికి కాకుండా వేసి వస్తాను. రూతు ఆ రోజులాగే వాకిట్లో నిలబడుతుంది.