పట్టీ పైన గీత

ఆర్లన్,

తూటాలు మళ్లీ నింపుకునే ప్రెస్‌లో, గొట్టాన్ని నొక్కే అచ్చుని, అదే డైని, కాస్త పైకి తిప్పి బిగించాను. ముట్టుకోకు. పుస్తకంలో ఉందని నువ్వు దాన్ని అడుగుదాకా దించి, ప్రతిసారీ తూటా గొట్టం భుజాన్ని మరీ కిందికి నొక్కేస్తున్నావు. పేల్చగానే ఇత్తడి మళ్లీ సాగుతోంది. అలా నాలుగుసార్లకే గొట్టం అడుగునుండే పట్టీకి కాస్త పైన పలచబడిపోయింది. తుపాకీ బోల్ట్ కాస్త బిగువుగా మూసుకునేంత నొక్కితే చాలు.

వంచిన తీగతో ఇరవై గొట్టాలూ లోపల తడిమాను. పదకొండింటిలో తీగ, పలచబడ్డచోట పడిన గీతకి తగిలి ఆగింది. ఇంకోసారి పేలిస్తే అక్కడే తెగి, మంట వెనక్కి మొహం మీదికి తంతుంది. "ఇంకొక్కసారికి పనికొస్తాయిలేవే" అంటూ చెత్తబుట్టలోంచి ఏరుకొస్తావని తెలుసు, అందుకే పది గొట్టాల్ని పటకారుతో నలిపి మరీ పడేశాను.

పదకొండోది నీ కాఫీ కప్పులో ఉంది. తీగ పెట్టి నువ్వే చూడు. శనివారం ఎల్క్ దుప్పుల వేటలో ఆ తుపాకీకి చెంప ఆనించేది నువ్వు కాదు, మన పిల్ల టెస్సా.

గుర్రాలకి నాడాలు వేయించడానికి డిలన్ ఊళ్లోకి వెళ్తున్నా. పొయ్యి మీద బీన్స్ ఉన్నాయి.

వెర్నా

నీ పుట్టినరోజుకని కొన్న కొత్త గొట్టాల పెట్టె మంచం కింద ఉంది. ఇవాళే విప్పు. రంగు కాగితం మాత్రం చింపకుండా తియ్యి, అది చుట్టింది టెస్సా.