గంజి పారబోసే మూల

బోధన్,
11 ఫిబ్రవరి 1968

ప్రియమైన వసంతా,

ఈ పిలుపు అలవాటు కొద్దీ పడింది. కాన్వెంటులో ఆరేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నాం కదా, చెయ్యి దానంతట అదే రాసింది.

పత్రికలో నీ పేరు చూశాను. మట్టిలోని బూజు నుంచి పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైము తీసిన పరిశోధకురాలివట. ఆ బూజు నేను గాజు గొట్టంలో పెంచి, మూతికి దూది బిగించి, మీ ప్రొఫెసరుగారికి చూపించమని నీ చేతికిచ్చిందే. గంజి గడ్డకట్టించిన పళ్లెంలో అయోడిన్ పోస్తే అంతా నీలమై, బూజు చుట్టూ మాత్రం గంజి కరిగిపోయి తెల్లటి వలయం మిగిలినప్పుడు, నేను పాఠాలు చెప్పే ఈ బడి ప్రయోగశాలలో నేనొక్కదాన్నే ఉన్నాను. అది చూపిస్తే నాకు పరిశోధనకు సీటిస్తారన్నావు. ఇచ్చారు, నీకు.

నాకు నోరు లేదని నీకు తెలుసు. తెలిసే చేశావు.

ఎస్తేరు


బోధన్,
28 ఏప్రిల్ 1968

వసంతా,

నీ ఉత్తరం అందింది. క్షమాపణ ఒక వాక్యం, అవసరం రెండు పేజీలు. గొట్టంలో బూజు ఎండకు చచ్చిపోయిందట. మే ఆరున ప్రొఫెసరుగారి ముందు మళ్లీ చూపించాలట. గొట్టానికి అంటించిన చీటీ మీద రాసివున్న చెరకు చేనుకు నువ్వే వచ్చి రెండుసార్లు మట్టి తీసుకెళ్లినా ఆ బూజు రాలేదట. రెండుసార్లూ మా గడప తొక్కకుండానే వెళ్లావు.

ఆ మట్టిలో రాదు. చీటీ అబద్ధం. రాసింది నేనే.

నన్ను కన్న మా అవ్వ బంగళాల దొరల బట్టలు ఉతికి గంజి పెడుతుందని కాన్వెంటులో ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా. మిగిలిన గంజి ఇరవై ఏళ్లుగా ఇంటి వెనక ఒకే మూల పారబోస్తుంది. "గా మూలకు ఎంత పోసినా పులిసిన వాసన రాదు బిడ్డా. భూమిల ఎవరో కూసుండి తాగుతున్నట్టే ఉన్నది" అని నవ్వేది. ఆ మాట విని ఆ మట్టే తీశాను. నీకిచ్చే ముందు సిగ్గుపడి 'చెరకు చేను' అని రాశాను, కాన్వెంటులో నేర్పిన గుండ్రటి అక్షరాలతో.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. చీటీ సంగతీ చెప్పాను. అవ్వ చీర పిండడం ఆపింది.

"గా పిల్ల దొంగతనం చేసింది, సరే. నువ్వెందుకు నా మూలను దాసినవ్?"

 నీ మీద ఉన్న కోపంలో సగం నాకు రావలసిందని అప్పుడు తెలిసింది. మిగతా సగం నీదే, ఉంచుకో.

నీకు మట్టి పంపను. ఆ మూల నుంచి మళ్లీ పెంచాను, వలయం వచ్చింది. ఆరో తేదీన గొట్టం నేనే తెస్తాను. చీటీ మీద 'లక్ష్మవ్వ గంజి పారబోసే మూల, బోధన్' అని ఉంటుంది. ఆ మూల సంగతి ప్రొఫెసరుగారికి నా నోటితోనే చెబుతాను. పక్కన అవ్వ ఉంటుంది, తనే గంజి పెట్టుకున్న తెల్లచీరలో.

లక్ష్మవ్వ కూతురు
ఎస్తేరు